పెళ్లి కుదిరాక కాదు, కాలేజీలోనే తెలియాలి

రియాద్‌లోని ప్రిన్సెస్ నూరా విశ్వవిద్యాలయం ప్రపంచంలోని అతిపెద్ద మహిళా విశ్వవిద్యాలయాల్లో ఒకటి. ఖతర్ విశ్వవిద్యాలయంలోనూ అమ్మాయిలదే మెజారిటీ. ఇంత చదువుతున్న తరానికి ఆరోగ్య సమాచారాన్ని అర్థం చేసుకుని, దాన్నిబట్టి నిర్ణయం తీసుకునే శక్తి దానంతటదే వస్తుందనుకోవడం సరికాదని సౌదీ అరేబియాలో వివాహపూర్వ రక్తపరీక్షల అనుభవం చెబుతోంది.

అక్కడ సగానికి పైగా పెళ్లిళ్లు బంధువుల మధ్యే జరుగుతాయి. మేనరికాలు ఎరిగిన మనకు ఆ ఆచారంలోని ఆప్యాయతా, ఒత్తిడీ రెండూ తెలిసినవే. ఖతీఫ్, అల్ అహ్సా, జాజాన్ ప్రాంతాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య రక్తవ్యాధి) జన్యువు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. అందుకే 2004 నుంచి పెళ్లికి ముందు సికిల్ సెల్, అలాంటిదే మరో వంశపారంపర్య రక్తవ్యాధి తలసీమియా పరీక్షలను తప్పనిసరి చేశారు; ఫలితం చూశాక పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది మాత్రం జంటకే వదిలేశారు. ముప్పు ఉందని తేలిన జంటల్లో సంబంధం మానుకున్నవారు 2004లో దాదాపు 9 శాతమే. 2009 నాటికి వారు సగం దాటారు. ఈ మార్పు చిన్నది కాదు.

అయినా మిగిలిన సగం సంగతి నన్ను కలవరపెడుతుంది. మాట ఇచ్చిపుచ్చుకుని, హాలు మాట్లాడుకుని, బంధువులందరికీ కబురు వెళ్లిన తర్వాత చేతికొచ్చే ఫలితం కాగితాన్ని చదవగలిగినంత మాత్రాన ఒక అమ్మాయి దాన్నిబట్టి నిర్ణయం తీసుకుని నిలబడగలదా? ఈ శక్తినే ఆరోగ్య అక్షరాస్యత అంటారు. దాన్ని ప్రజారోగ్య నిపుణుడు డాన్ నట్‌బీమ్ 2000లో మూడు స్థాయులుగా వివరించారు: చదివి అర్థం చేసుకోవడం, వైద్యులతో మాట్లాడి తెలుసుకోవడం, సమాచారాన్ని తూచి తన జీవితంపై పట్టు సాధించడం. డిగ్రీ మొదటిదాన్ని ఇస్తుంది. రెండోదానికే గల్ఫ్ ఆసుపత్రుల్లో భాష అడ్డంకిగా ఉంది. అక్కడి వైద్యులు, నర్సుల్లో మన దేశంవారితో సహా విదేశీయులు చాలామంది, వైద్యవిద్య సాగేది ఇంగ్లీషులో. మూడోది అలవడాలంటే సమయం కావాలి, పెళ్లి ముంగిట అది దొరకదు.

కనుక ఈ పరీక్ష, దాంతోపాటు జన్యు సలహా (ఫలితం అర్థమేమిటో నిపుణులు వివరించడం), విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి ఏడాదే అందాలి. వైద్య విద్యార్థినులకే కాదు, సాహిత్యం, వాణిజ్యం చదివేవారికీ అరబ్బీలోనే ఈ పాఠం ఉండాలి. జన్యువు ఉందని బయటపడితే సంబంధాలు రావన్న తల్లుల భయాన్ని కొట్టిపారేయలేం. ఫలితం విద్యార్థిని అనుమతి లేకుండా కుటుంబానికి సైతం చేరకూడదు, అదే పరీక్ష అబ్బాయిలకూ అదే వయసులో జరగాలి. లేకపోతే ఇద్దరి రక్తంలోని విషయానికి నింద ఆమె ఒక్కతే మోయాల్సి వస్తుంది.