వేలిముద్ర మిషను గారికి, టీచరమ్మ తరఫున

మహారాజశ్రీ వేలిముద్ర మిషను గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, పెన్షన్ ఆగకుండా ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం, అంటే బతికే ఉన్నామన్న రుజువు కోసం, నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి దాకా తమరు మా రిటైరైన టీచరమ్మ వేళ్ళు పదీ పరీక్షించారు. తొమ్మిదింటిని ఫెయిల్ చేశారు. కుడిచేతి ఉంగరం వేలు ఒక్కటి, అదీ ఒక్కసారే, తమరి ఎర్రదీపానికి నచ్చింది. దాంతో సర్వీసు పెన్షన్ ప్రకారం ఆవిడ బతికే ఉన్నారని తేలింది. భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌కి పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు వేరు, ప్రమాణ్ ఐడీ (ఆ సర్టిఫికెట్ నంబరు) వేరు. కనుక అదే కుర్చీలో కూర్చుని ఆవిడ రెండోసారి బతకాలి. అరనిమిషం కిందట పాసైన వేలినే ఈసారి పెడితే తమరు ఎర్రర్ 300 అన్నారు. ముద్ర కలవలేదట. ప్రస్తుతానికి ఆవిడ ఉద్యోగిగా బతికున్నారు, భార్యగా లేరు.

ఫారంలో "మళ్ళీ వివాహం చేసుకున్నారా" అన్న గడి కూడా ఒకటుంది. ఎనభై ఒకటో ఏట ఆ ప్రశ్న అడిగినవాళ్ళు తమరొక్కరే. ఆవిడ నవ్వి ఊరుకున్నారు, అది తమరి అదృష్టం.

తమరికి ఒక సంగతి తెలియాలి. 1990-91లో మా నెల్లూరు జిల్లాకు సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు ఈవిడ పగలు పిలకాయలకీ, రాత్రి లాంతరు పెట్టుకుని వాళ్ళ అమ్మలకీ చదువు చెప్పారు. దేనికోసం? వాళ్ళ బొటనవేలికి ఇంకు అంటకుండా చేయడానికి. "వేలిముద్ర" అనే మాట తిట్టుగా చెలామణీ అయిన కాలం అది. సంతకం నేర్పడం ఒక పూటలో అయ్యేది కాదు. కొడవలి పట్టిన చెయ్యి బలపాన్ని కూడా కొడవలిలాగే పడుతుంది, మూడు గీతలకే ముక్కలు. అందుకని ముందు నేల మీద ఇసక పోసి వేలితో సున్నాలు చుట్టించాలి. చెయ్యి వదులయ్యాక పలక. పలక మీద చుక్కలతో పేరు రాసిచ్చి, చుక్కల మీద దిద్దించి, రోజుకు రెండు చుక్కలు తీసేస్తూ రావాలి. రమణలు వారంలో గట్టెక్కేవాళ్ళు. లక్ష్మమ్మలకి నెల పట్టేది. పాపం, ఒక్క పేరులో అన్ని ఒత్తులు! ఆ రాత్రిబడుల్లో కూడబలుక్కుని చదివిన ఆడవాళ్ళే మా జిల్లాలోని దూబగుంట ఊళ్ళో సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకి రాష్ట్రమంతా లేచింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వమే సారాను నిషేధించింది. అంత పని చేసిన ఉద్యమానికి మొదటి మెట్టు ఇంకు ప్యాడ్ పక్కన పెట్టి పెన్ను పట్టుకోవడం.

ఊళ్ళో ఇంతమంది చేత వేలిముద్ర మాన్పించిన మనిషిని పట్టుకుని తమరు అడుగుతున్నదేమిటి? వేలిముద్ర!

"సంతకం పెడతాను నాయనా" అన్నారావిడ నిన్న. నాలుగుసార్లు అన్నారు. కాగితం మీద అయ్యే పాత పద్ధతి పోలేదు కదా అని మేమూ అన్నాం. "అది లేటవుద్ది అవ్వా, మిషనే బెటరు" అని తమరి పక్కన కూర్చున్న పిల్లవాడి జవాబు. వాళ్ళ నాయనమ్మ సంతకం ఎవరు నేర్పారో వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

పోనీ ఆ గీతలు ఎక్కడికి పోయాయో వినండి. వయసు పెరిగేకొద్దీ చర్మం పొడిబారి పలచనవుతుంది, గీతలు చదునవుతాయి. దాని మీద ఏళ్ళ తరబడి సుద్దముక్క. అరచేత్తో బోర్డు తుడవడం. ఇంటికొస్తే బావి చేంతాడు, అంట్లు తోమే బూడిద, వాకిట్లో ముగ్గు. వేసవిలో ఆవకాయ: నాలుగు గిన్నెల ముక్కలకి ఒకటి కారం, ఒకటి ఆవపిండి, ముప్పావు ఉప్పు, కలిపేది చేత్తోనే. గరిటెతో కలిపితే ముక్కకు పట్టదని డాలస్‌లో ఉన్న మనవరాలికి ఇప్పటికీ వాట్సాప్‌లో చీవాట్లు. నలుగురు పిల్లలు, ఇద్దరు మరుదులు, వాళ్ళ సంసారాలు, అందరి బియ్యప్పళ్ళెంలో ఓనమాలు దిద్దించింది ఈ చెయ్యే. ఎన్నికల డ్యూటీలో ఊరివాళ్ళ ఎడమ చూపుడువేళ్ళకి సిరా చుక్క పెట్టిందీ ఈ చెయ్యే. అరిగిపోకుండా ఉండడానికి అదేమన్నా ఇత్తడి బిళ్ళా?

తమరి చేతకానితనం కూడా కొంత ఉంది, మన్నించాలి. "గట్టిగా నొక్కవ్వా" అని అరిపిస్తున్నారే, గట్టిగా నొక్కితే గీతలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. తేలిగ్గా, బల్లపరుపుగా ఆనించాలి. పొడివేలికి ముందు గోరువెచ్చటి నీళ్ళు, తుడుపు, ఆపైన కొబ్బరినూనె ఒక్క చుక్క, అదీ మళ్ళీ తుడిచేయాలి. నూనె మిగిలితే ఇంకా చెడుతుంది. తమరి అద్దం మీద పొద్దుటి నుంచి డెబ్బై మంది చెమట ఉంది. కిటికీ ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. ఇవేవీ చూడకుండా తప్పంతా ముసలామెదే అంటే ఎలా?

తమరి తమ్ముడు ముఖం చూసే యాప్ 2021 నవంబరు నుంచి ఉన్నాడు. నిన్న ఆయన్నీ పిలిచాం. వెనక నుంచి వెలుతురొస్తే ముఖం నల్లగా కనపడుతుందని తెలియక కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టారు. పైగా "రెప్పలు ఆర్పండి" అట. ముప్ఫై ఆరేళ్ళు రెప్ప వేయకుండా వెనక బెంచీకి కాపలా కాసిన మనిషిని! పోస్టుమ్యాన్ డెబ్బై రూపాయలకి ఇంటికే వచ్చి చేస్తాడట, కానీ ఆయన సంచిలోనూ ఉండేది తమరి బంధువే. ఇక మోసగాళ్ళ భయంతో హైదరాబాద్ మనవడు ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసి మర్చిపోయాడు. ఎర్రర్ 330. మొదటి గంట దానికే పోయింది. ఆ తప్పు మాది, ఒప్పుకుంటున్నాం.

మిగతాది నీది. అవును, నీదే. ఆ కుర్రాడు విసుక్కుని ఆవిడ బొటనవేలు తన చేత్తో పట్టుకుని నీ అద్దం మీద అదిమాడు చూడు, సంతకం రానివాళ్ళ వేలు పట్టుకుని ప్యాడ్‌కి అద్దినట్టు. ఆవిడ ఆ వేలిని చూసుకున్న తీరు నీకు కనపడదు, నీకున్నది ఒక్క ఎర్రకన్ను. మాకు కనపడింది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి పెన్ను తీసి, ముద్ర పడని ఆ ఫారం కింద పూర్తి పేరు రాశారు. ఇంటిపేరుతో సహా, ఒక్క ఒత్తూ తప్పకుండా. తేదీ వేశారు. మడిచి సంచిలో పెట్టుకున్నారు.

రేపు పదింటికి మళ్ళీ వస్తున్నాం. నీళ్ళూ నూనే మేం తెచ్చుకుంటాం. నువ్వు అద్దం తుడుచుకుని ఉండు.

ఇట్లు,
క్యూలో ఆవిడ వెనక నిలబడ్డవాళ్ళు