సారె దిండు గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ సారె దిండు గారికి,

ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, కుశలం తమ వైపే ఉంది. ఏటికేడాది బరువెక్కుతున్నారు కూడా. నా క్షేమం పక్కవాటా వాళ్ళని అడగండి, రాత్రి రెండింటప్పుడు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

తమ పుణ్యమా అని నిన్న మధ్యాహ్నమంతా కొత్తపేటలో ఎలర్జీ డాక్టరు గారి బెంచీ మీద గడిచింది. దగ్గినప్పుడల్లా పక్కవాళ్ళు కొంచెం కొంచెం జరిగి, చివరికి బెంచీ మొత్తం నాకే రాసిచ్చేశారు. వెనకటి వారం వెళ్తే "ఎలర్జీ మాత్ర సిట్రజిన్ వేసుకుని వచ్చారా? టెస్టు తేలదు, వారం మానేసి రండి" అని తిప్పి పంపారు. ఆ వారం దగ్గిన దగ్గు పగవాడికి కూడా వద్దు. నిన్న ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, చుక్కలు వేసి, చుక్కకో సూదిపోటు పొడిచారు. పావుగంటకి చూస్తే బొద్దింక నిర్దోషి, వయ్యారిభామ పుప్పొడి నిర్దోషి. డస్ట్‌మైట్, అదే దుమ్ములో ఉండే కంటికానని పురుగు, అని రాసిన చోట మాత్రం శనగబద్దంత దద్దురు.

"దిండు ఎన్నాళ్ళది?"

"పెళ్ళప్పటిది సార్."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

పాపం, ఇన్నాళ్ళూ చుట్టాలందరూ మిర్చి యార్డుని ఆడిపోసుకున్నారు. గుంటూరులో దగ్గితే ఇంకో కారణం ఉండకూడదు కదా! మిర్చి ఘాటుకి గొంతు మండి దగ్గొస్తుందట, అది ఎలర్జీ కాదట, అక్కణ్ణుంచి కదిలితే కాసేపటికి సర్దుకుంటుందట. "మీకు పక్కెక్కగానే మొదలై, తెల్లారి తుమ్ములతో తేలుతోందంటే ముద్దాయి మంచం మీదే ఉన్నాడు" అన్నారు డాక్టరు గారు. మందుల షాపు కుర్రాడు అమ్మిన ఎర్ర సిరప్‌కి నిద్ర తప్ప ఏమీ రాలేదు, దాని లెక్క వేరే తేలుస్తాను. మా బాబాయి పొడిదగ్గు ఆయన మింగే రామిప్రిల్ బీపీ మాత్ర వల్లేమో డాక్టర్ని అడగమంటే, అల్లం మురబ్బా చాలన్నాడు. ఆయన ఖర్మ.

తమరి దగ్గరికే వస్తాను. ఆ బూరుగుదూది కడుపులో కాపురాలు పెట్టించారట కదా! మిల్లీమీటరులో మూడో వంతుండే జీవాలు. నా ఒంటి నుంచి రాలిన పొట్టు తింటాయి. తింటే తిన్నాయి, అన్నదానం అనుకుందును. కానీ రెట్ట వేస్తాయి. ఆ రెట్టే నా ముక్కులోకి, గొంతులోకి. నా తోలు తిని నా ముక్కులోనే విసర్జన! అద్దె అడిగానా? తల పెట్టుకోవడానికి జాగా ఇమ్మంటే ఊపిరే లాక్కుంటావా? సిగ్గుండాలి నీకు.

రోహిణి కార్తె ఎండలో మేడ మీద పడేశాను. తేమ ఆరి కొన్ని చచ్చి ఉంటాయి, రెట్ట మాత్రం చెక్కు చెదర్లేదు. ఇక రూల్సు విను. గలేబులూ దుప్పట్లూ వారం వారం 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతుకుతారు. చుట్టూ జిప్పున్న దట్టమైన నేత కవరొకటి తొడుగుతారు. నాకేమో రోజూ ముక్కులో స్ప్రే. రెండ్రోజులకే పని చెయ్యలేదని మానొద్దు, టైము పడుతుంది అన్నారు. నిన్ను మాత్రం పారెయ్యమన్నారు.

ఆ మాట ఇంట్లో అన్నాను. "మా అమ్మ పెట్టిన సారె పారేస్తారా?" అని మా ఆవిడ అప్పటికప్పుడే తెనాలికి ఫోను కలిపింది. అత్తయ్యగారు స్పీకర్లో నా దగ్గు విని చాలా బాధపడ్డారు. "అయ్యో, దూది గట్టిపడి ఉంటుంది బాబూ, అందుకే" అన్నారు.

కొత్తవి రెండు ఆదివారం పంపిస్తున్నారట. బూరుగుదూదివే, దగ్గరుండి కుట్టించారట.

ఇట్లు,
నీ మీద తల పెట్టినవాడు