లూజు పెట్టాల్నా సార్?

నల్లగొండ మగవాడి దగ్గర రహస్యాలు నిలవవు. గడియారం సెంటర్లో చాయ్ తాగుతూ తన షుగర్ ఎంతో, కిడ్నీలో రాయి ఎన్ని మిల్లీమీటర్లో, మొలలకు ఏ ఊళ్లో పసరు తాగాడో నాలుగు బెంచీల అవతలికి వినిపించేలా చెబుతాడు. గ్యాస్ సంగతి చెప్పనక్కర్లేదు, దానంతటదే వినిపిస్తుంది. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం నోరు మెదపడు. చొక్కా లోపల రొమ్ములు పెరిగిన విషయంలో. ఈ మౌనాన్ని కాపాడటానికి మన జిల్లాలో తరతరాలుగా ఒక గొప్ప వైద్య వ్యవస్థ నడుస్తోంది. దానికి బడ్జెట్ లేదు, జీవో లేదు, కనీసం బోర్డు కూడా లేదు. అందుకే దాని గురించి నాలుగు ముక్కలు రాయడానికి పూనుకున్నాను.

ఆ వ్యవస్థకు పెద్ద డాక్టరు దర్జీ. అసలు డాక్టరు దగ్గరికి మనం రోగం ముదిరాక పోతాం. దర్జీ దగ్గరికి దసరాకు పోతాం, పెళ్లికి పోతాం. కాబట్టి మొదట కనిపెట్టేది ఆయనే. 2015లో మా దర్జీ నా ఛాతీ చుట్టూ టేపు తిప్పి, ఆగి, మళ్లీ తిప్పి, పుస్తకంలో అంకె దిద్దుకుని, నా ముఖం వైపు చూడకుండా అడిగాడు.

"లూజు పెట్టాల్నా సార్?"

ఇంత మర్యాదగా రోగం పేరు చెప్పిన వైద్యుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

1973లో సైమన్ అనే సర్జన్, ఆయన తోటివాళ్లు ఈ వాపును దశలుగా విడగొట్టారు. కొద్దిగా పెరిగితే ఒకటో దశ. ఓ మాదిరిగా పెరిగి చర్మం సాగకుండా ఉంటే రెండు ఏ, సాగితే రెండు బీ. బాగా పెరిగి చర్మం వేలాడితే మూడు. మా దర్జీ ఆ వ్యాసం చదవలేదు, చదవాల్సిన అవసరమూ ఆయనకు లేదు. ఆయన లెక్కలో ఒకటో దశకు ముదురు రంగు గళ్ల బట్ట. రెండు ఏకు రెండు జేబులు. రెండు బీకి ఆ జేబులకే మూతలు, మూతలకు గుండీలు. మూడో దశకు సఫారీ. (ఒకప్పుడు తాలూకాఫీసులో అంతమంది సఫారీలు ఎందుకు వేసుకునేవారో నాకు అప్పుడు అర్థమైంది.) ఇంకా ముదిరితే కేసు దర్జీ చేతిలోంచి రాజకీయాల్లోకి పోతుంది. అక్కడ కండువా ఉంది. పార్టీ మారితే కండువా రంగు మారుతుంది గానీ, అది కప్పే చోటు మారదు.

నేను రెండు ఏ, రెండు జేబులు. హాయిగానే గడిచిపోయేది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చి పరువు తీశాయి. వాడపల్లిలో అందరూ చొక్కాలు విప్పి మునుగుతుంటే నేను బనియన్‌తోనే దిగాను. పాపాలు పోయాయో లేదో తెలియదు గానీ, తడిసిన బనియన్ ఒంటికి అంటుకుని, ఏడాదిగా దర్జీ దాచిన సరుకంతా గట్టు మీది జనానికి చూపించింది. మా ఇంట్లో ఆమె తువ్వాల అందిస్తూ, "గదేంది, ఎడమ దిక్కు గంత ఉబ్బింది?" అంది. గట్టు మీద ఎంతమంది ఉన్నారో ఆమెకు లెక్క లేదు.

చాయ్ బెంచీ మీద పంచాయితీ పెట్టాం. నాకని చెప్పలేదు, "మా దోస్తు ఒకాయనకు" అన్నాను. మా జిల్లాలో ఏ రోగానికైనా మొదటి ముద్దాయి నీళ్లే. ఎముకలు వంచి, పళ్లు పసుపు చేసి ఫ్లోరైడ్ మూటగట్టుకున్న పాపం చాలదన్నట్టు, దీన్నీ దాని నెత్తినే వేశారు. రెండో ముద్దాయి బ్రాయిలర్ కోడి. దానికి ఆడ హార్మోన్ల ఇంజెక్షన్ ఇస్తారని, అది తిన్న మగవాళ్లకు ఇలా అవుతుందని ఒకాయన ప్రమాణపూర్వకంగా చెప్పాడు. పాపం, ఆ కోడి తొందరగా పెరిగేది ఏరి పెంచిన జాతి వల్ల, దాణా వల్ల. ఇంజెక్షన్లు పొడిచింది చాయ్ బెంచీ దగ్గర మాత్రమే. "మీ దోస్తును దండీలు తీయమను" అని తీర్పు చెప్పి, అందరూ నా చొక్కా జేబుల వైపు చూశారు.

చివరికి దవాఖానకు పోయాను. ఏ దవాఖాన అన్నది మనకెందుకు. నెట్‌లో చూసి పేరు బట్టీ పట్టుకున్నాను కదా, ఓపీ చీటీ కౌంటర్లో ధైర్యంగా "గైనకో..." అన్నాను. పూర్తి కాకముందే చీటీ చేతికొచ్చింది. దాని ప్రకారం పోయి ముప్పావుగంట వరుసలో నిలబడ్డాక చూస్తే నా ముందంతా గర్భిణులే. తప్పు కౌంటర్ వాళ్లది కాదు, గ్రీకు వాళ్లది. గైనకోమాస్టియా అని పేరు పెట్టింది రెండో శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు. గైనె అంటే స్త్రీ, మాస్టోస్ అంటే రొమ్ము. మగవాడి రోగానికి ఆడపేరు పెట్టి ఆయన పోయాడు. పద్దెనిమిది వందల ఏళ్ల తరువాత నల్లగొండలో ఒకమ్మ నన్ను చూసి, "అన్నా, వదినను కూసోవెట్టి నువ్వు నిలవడ్డవా? మంచోనివే" అని మెచ్చుకుంది.

సర్జరీ ఓపీలో ఉన్నది మా పెద్దమ్మాయి ఈడు డాక్టరమ్మ. వెల్లకిలా పడుకోమంది. బొటనవేలు, చూపుడువేలు రెండు పక్కల నుంచి చనుమొన వైపు దగ్గరగా తెచ్చి నొక్కింది. వేళ్లు అడ్డం లేకుండా కలుసుకుంటే అది వట్టి కొవ్వు, తిండి తగ్గిస్తే తగ్గుతుంది. చనుమొన కింద రబ్బరు బిళ్లలా గట్టిగా, కాస్త నొప్పిగా తగిలితే అది రొమ్ము గ్రంథి. నాకు బిళ్ల తగిలింది. పాత పదిపైసల బిళ్లంత.

"మగవాళ్ల ఒంట్లోనూ ఆడ హార్మోన్ కొంచెం ఉంటుంది అంకుల్. మగ హార్మోన్ తగ్గినా, ఆడ హార్మోన్ పెరిగినా తూకం తప్పుతుంది. కొవ్వు కూడా ఊరుకోదు, మగ హార్మోన్‌ను ఆడ హార్మోన్‌గా మార్చేస్తుంటుంది. సరే గానీ, ఏం గోలీలు వాడుతున్నరు?"

దండీల గురించి, కోడి గురించి సమాధానాలు సిద్ధం చేసుకుని పోయిన నన్ను ఆమె గోలీల గురించి అడిగింది. సంచీలోంచి తీసిచ్చాను. గుండెకు రాసిన వాటిలో స్పైరనోలాక్టోన్ దగ్గర ఆమె వేలు ఆగింది. అచ్చం దర్జీ టేపు ఆగినట్టే. 1999లో గుండె బలహీనపడిన వాళ్లకు ఆ మందు ఇచ్చి చేసిన పెద్ద పరిశోధనలో, వాడిన మగవాళ్లలో నూటికి పదిమందికి రొమ్ము పెరగడమో నొప్పో వచ్చిందట. ఉత్తుత్తి గోలీ మింగిన వాళ్లలో నూటికి ఒక్కరికే. ప్రాణం కాపాడే మందే, కాకపోతే చొక్కా కొలత మారుస్తుంది. ప్రోస్టేటుకూ బట్టతలకూ వాడే ఫినాస్టిరైడ్ కూడా ఈ పని చేయగలదట. నెత్తి మీద పెంచబోతే ఇంకెక్కడో పెరుగుతుందన్నమాట.

మగవాణ్ణి కనుక, కారణం తెలియగానే వైద్యం నేనే మొదలుపెట్టాను. పరీక్షలన్నీ అయ్యాక గుండె డాక్టరును అడిగి మందు మార్చుకుందామని ఆమె చెప్పింది. నేను ఇంటికొచ్చి గోలీ ఆపేశాను. పది రోజుల్లో కాళ్లు వాచి, మెట్లెక్కితే ఆయాసం. ఈసారి వరుసలో నిలబడే ఓపిక కూడా లేదు. తిట్లు తిన్నాక ఎప్లెరనోన్ అని అదే జాతి మందు రాశారు. దానికి ఈ గుణం చాలా తక్కువ. నాలుగైదు నెలల్లో బిళ్ల కరిగింది. ఏడాది దాటితే అది నారలా గట్టిపడిపోతుందని, అప్పుడు మందు మార్చినా పెద్దగా తగ్గదని డాక్టరమ్మ అంది. నా అదృష్టం అంచు మీద ఉందన్నమాట. మరి జేబులకు మూతలు కుట్టించుకుంటూ పదేళ్లు గడిపిన పెద్దమనుషుల సంగతి?

వాళ్లకు కత్తి ఉంది. ఏడో శతాబ్దంలోనే పాల్ అనే గ్రీకు వైద్యుడు ఈ ఆపరేషన్ రాసిపెట్టాడు. ఇప్పుడు చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున చిన్న కోత పెట్టి గ్రంథి తీస్తారు, కొవ్వును గొట్టంతో లాగుతారు, కొన్ని వారాలు బిగుతు బనియన్ వేస్తారు. ఇన్నాళ్లూ లూజు, ఆపైన టైటు.

ఇక మా మేనల్లుడు. గురుకులంలో తొమ్మిదో తరగతి. సెలవుల్లో వస్తే వాణ్ణి సాగర్ ఎడమ కాలువలోంచి బయటికి లాగడమే మాకు పనిగా ఉండేది. ఒక వేసవిలో కాలువ గట్టున కూర్చుని తమ్ముళ్ల బట్టలకు కాపలా కాశాడు. మే నెల ఎండలో చొక్కా కింద రెండు బనియన్లు! "నీకు చెప్తే నవ్వుతవ్ మామా" అన్నాడు. హాస్టల్లో పోరలు వాడికి "ఆంటీ" అని పేరు పెట్టారట. వీడు రోజూ వంద దండీలు తీస్తున్నాడట. దండీలకు పెరిగేది కింది కండ. అది గ్రంథిని ఇంకా ముందుకు తోస్తుందే తప్ప కరిగించదు. ఆ వయసు మగపిల్లల్లో సుమారు సగం మందికి ఇది వస్తుంది, ఆరు నెలల నుంచి రెండేళ్లలో ఎక్కువమందికి దానంతటదే పోతుంది. అంటే ఆ పేరు పెట్టిన పోరల్లోనూ సగం మంది చొక్కాల కింద రెండు బనియన్లు ఉండి ఉండాలి. వాడికి ఈ లెక్క చెబితే వేళ్ల మీద తన గదిలోవాళ్లను లెక్కపెట్టుకుని, మొదటిసారి నవ్వాడు.

పుట్టిన పసిగుడ్డు నుంచే ఈ కథ మొదలు. తల్లి హార్మోన్ వల్ల సగానికి పైగా పిల్లలకు రొమ్ములు కొంచెం ఉబ్బుతాయి, ఒక్కోసారి పాల చుక్క కూడా వస్తుంది. కొన్ని వారాల్లో పోతుంది. కానీ మన ముసలమ్మలు పోనిస్తారా? స్నానం పోసేటప్పుడు పిండుతారు. పిండితే చీము పడుతుంది. వాడు ఏడుస్తాడు. మగాడు దీని గురించి నోరు తెరిచేది ఆ ఒక్కసారే.

జిమ్ముకు పోయి కండల కోసం స్టెరాయిడ్ సూదులు పొడిపించుకునే తమ్ముళ్లకూ, కాలేయం చెడేదాకా సీసా వదలని అన్నలకూ ఇదే బహుమానం. ఒక్క మాట మాత్రం వ్యంగ్యం లేకుండా చెబుతాను. ఒకే పక్కన, చనుమొనకు కాస్త ఎడంగా రాయిలాంటి గడ్డ ఉన్నా, అది కదలకపోయినా, నెత్తురు కారినా, చర్మం సొట్టపడినా, చంకలో గడ్డ తగిలినా అది ఈ కోవలోది కాకపోవచ్చు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్లదే. దానికి మా దర్జీ దగ్గర కూడా జేబు లేదు.

మొన్న దసరాకు మళ్లీ కొలతలకు పోయాను. టేపు తిప్పాడు. ఈసారి ఆగలేదు. పుస్తకంలో పాత పేజీ చూసుకున్నాడు.

"రెండు ఇంచులు తగ్గింది సార్. జేబు ఒక్కటే వెట్టనా?"

"ఒక్కటే పెట్టు."

నాలుగు అడుగులు వేశానో లేదో వెనకనుంచి పిలిచాడు. దుకాణంలో ఇంకెవరూ లేరు. టేపు మెడ నుంచి రెండు పక్కలా ఛాతీ మీదికి వేలాడుతోంది. దాని కింద మూతలున్న రెండు జేబులు.

"ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో కూసుంటది సార్? మా దోస్తు ఒకాయన అడగమన్నడు."