నో సపోర్ట్ రూలు గారికి, విజయవాడ నుంచి

మహారాజశ్రీ నో సపోర్ట్ రూలు గారి దివ్యసముఖమునకు,

విజయవాడ నుంచి ఒక సైకిలువాడు రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. నా మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరూ క్షేమం.

తమరు నన్ను ఎరగకపోవచ్చు. ఆమధ్య మావాళ్ళు పెట్టుకున్న సోలో టైమ్ ట్రయల్‌లో ఒక పగలూ ఒక రాత్రీ తమరి కనుసన్నల్లోనే తొక్కాను. తెల్లవారకముందే ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరి ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు. అక్కణ్ణుంచి చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటి రేపల్లె, బాపట్ల, చీరాల. ఒంగోలులో తిరిగి హైవే పట్టుకుని మేదరమెట్ల, మార్టూరు, చిలకలూరిపేట, గుంటూరు, మళ్ళీ బ్యారేజీ. నాలుగు వందల కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. వెనక కారుండదు, మెకానిక్ ఉండడు, గాలి తగలకుండా ఇంకొకడి చక్రం చాటున పోకూడదు. గడియారం టీకి ఆగదు, కునుకుకి ఆగదు, ఒంటికి వెళ్ళినా ఆగదు. ఇవన్నీ చదివే సంతకం పెట్టాను. వాటితో నాకు పేచీ లేదు.

పేచీ అంతా ఒక్క షరతు దగ్గరే. తినేదైనా తాగేదైనా వాడేదైనా వెంట తెచ్చుకున్నది కావాలి, లేదా అందరికీ అమ్మే చోట కొనుక్కున్నది కావాలి. ఎవరైనా ఊరికే ఇస్తే పుచ్చుకోకూడదు.

ఇది రాసినవాళ్ళెవరో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎప్పుడూ సైకిలు తొక్కి ఉండరు.

తమరి దాయాదులు బ్రెవే వాళ్ళు, అంటే గడువులోపు దూరం తొక్కి రావడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు, కాస్త నయం. 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే ఫ్రాన్సు సైకిలు క్లబ్బు పద్ధతి వాళ్ళది. 200 కిలోమీటర్లకి 13న్నర గంటలు, 400కి 27 గంటలు ఇస్తారు. ఆలోపు వస్తే చాలు, ఎవరు ముందొచ్చారని అడగరు. దారి మధ్యలో కారు వెంట రాకూడదు గానీ వచ్చినట్టు నమోదు చేసే కంట్రోల్ పాయింట్ దగ్గర మనవాళ్ళు అరటిపండు అందిస్తే కళ్ళెర్రజేయరు. తమరికి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు.

ఉయ్యూరు దాటగానే తమరి మొదటి పరీక్ష మోటార్‌సైకిలు మీద వచ్చింది. పాలక్యాన్లు దించేసి ఇంటికి పోతున్న పెద్దాయన నా పక్కకి చేరాడు.

"ఎంత పడిందండీ సైకిలు?"

చెప్పాను, సగం తగ్గించి.

"అంత పెట్టి బండే కొనుక్కోవచ్చుగా?"

నవ్వాను.

"పోటీయా? ప్రైజు ఎంత?"

"ప్రైజు లేదండీ."

ఆయన ఒక ఫర్లాంగు దూరం ఆలోచించి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంట్లో ఏమైనా గొడవా?"

ఏ గొడవా లేదని నమ్మించేసరికి ఆయనకి నా మీద జాలి పుట్టింది. "ఎదురుగాలిగా ఉంది, నా వెనక రండి, స్లోగా పోతాను" అని ముందుకొచ్చి నిలిచాడు. వద్దండీ, అది తప్పండీ అంటే మొహమాటపడుతున్నాననుకున్నాడు. నేను స్లో అయితే ఆయనా స్లో. నేను కుడికి జరిగితే ఆయనా కుడికి. చాటు దొంగిలించేవాడికి శిక్ష ఏమిటో తమరు రాసుకున్నారు. చాటు ఇస్తానని వెంటపడేవాణ్ణి ఏం చేయాలో రాయలేదు. చివరికి ఆగి, షూ లేసు కట్టుకుంటున్నట్టు నటించాల్సి వచ్చింది. నా షూలకి లేసులుండవు.

బందరులో తొక్కుడు లడ్డూ పావుకిలో కొన్నాను. నేతి ముద్ద, నోట్లో వేసుకుంటే నమలక్కర్లేదు, సైకిలువాళ్ళు బలానికి చప్పరించే ఫారిన్ జెల్ ప్యాకెట్లు దాని ముందు దండగ. కొట్టాయన తూకం వేసి, పొట్లం కట్టబోతూ, పైన ఇంకో లడ్డూ పెట్టాడు. కొసరు. రూలు గారూ, ఆ లడ్డూ నేను కొన్నదా, ఆయన ఇచ్చినదా? పావుకిలో వరకు వ్యాపారం, పైది సపోర్ట్ అనుకుంటే, ఆ పైది ఏదో గుర్తుపెట్టుకుని విడిగా పారేయాలి. పొట్లంలో అన్నీ కలిసిపోయాయి. చల్లపల్లి దాకా ఒక్కో లడ్డూని అనుమానంగా చూస్తూ తిన్నాను.

రేపల్లె నుంచి చీరాల దాకా చెప్పుకోవడానికేం లేదు. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీది గాలి ఎడంవైపు నుంచి కొడుతూనే ఉంది. గాలి సాయం చేయదు కాబట్టి అక్కడ తమరికీ నాకూ తగువు రాలేదు.

మార్టూరు దగ్గర అర్ధరాత్రి వేళ వెనక చక్రం దిగిపోయింది. పేలిన లారీ టైర్లలోంచి ఊడిన సన్నటి ఉక్కు తీగలు హైవే అంచున పడుంటాయి, కంటికి ఆనవు. నా దగ్గర ట్యూబుంది, టైరు ఊడదీసే లివర్లున్నాయి, చేతిపంపు ఉంది. కావాల్సింది వెలుతురు. నాలుగడుగుల దూరంలో పంక్చర్ షాపు బల్బు వెలుగుతోంది. వెలుతురు అందరికీ పడేదే కదా, సపోర్ట్ కిందకి రాదని ధైర్యం చేసి దాని కింద కూర్చున్నాను.

ఇక్కడ తమరి పూర్వీకుల సంగతి ఒకటి గుర్తుచేయాలి. 1913 టూర్ డి ఫ్రాన్స్‌లో తూర్మలే కొండ దిగుతుంటే యూజీన్ క్రిస్టోఫ్ అనే పోటీదారుడి సైకిలుకి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. ఎవరి సాయమూ పుచ్చుకోకూడదు, అది ఆనాటి రూలు. ఆయన సైకిలు భుజాన వేసుకుని కొండ కింద సెంత్ మారీ ద కాంపాన్ అనే ఊరిదాకా నడిచాడు. అక్కడ కమ్మరి కొలిమిలో తనే ఇనుము కాల్చి, సుత్తి పట్టి ఫోర్కు అతికించుకున్నాడు. నిర్వాహకులు పక్కనే నిలబడి చూస్తున్నారు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి తిత్తి ఊదడానికి ఒక చిన్న కుర్రాడు చెయ్యి వేశాడు. దానికి క్రిస్టోఫ్‌కి 10 నిమిషాలు జరిమానా. తర్వాత మనసు కరిగి 3 నిమిషాలకి తగ్గించారు. గంటల కొద్దీ పోగొట్టుకున్నా ఆయన ఆ టూర్‌లో ఏడోవాడిగా వచ్చాడు.

ఒక కొలిమి, ఒక తిత్తి, ఒక కుర్రాడు. అదే కొలిమి మార్టూరులో ఉంటే తిత్తి దగ్గర క్యూ ఉండేది.

నేను చక్రం ఊడదీసేసరికి చుట్టూ షాపాయన, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు, టీ తాగుతున్న ఇద్దరు లారీ డ్రైవర్లు, పక్క పెట్రోల్ బంకు వాచ్‌మన్ చేరారు. నేను వద్దనేలోపు ఒకరు సెల్‌ఫోన్ లైటు పట్టారు. ఒకరు ట్యూబు లాక్కుని నీళ్ళ తొట్టెలో ముంచి బుడగలు వెతికారు. షాపాయన టైరు లోపల వేళ్ళతో తడిమి, అరంగుళం తీగముక్క గోళ్ళతో లాగి, నా అరచేతిలో పెట్టాడు. నాకు కళ్ళజోడు పెట్టుకున్నా కనపడలేదది. "వాల్వేంటి సార్, ఇంత సన్నగా ఉంది, మా గొట్టం పట్టదు" అన్నాడు కుర్రాడు బాధగా, సొంత ఇంట్లో చుట్టానికి మంచం చాలనట్టు. పట్టకపోవడంతో నా చేతిపంపు తీసుకుని తనే కొట్టడం మొదలెట్టాడు. "నేను కొట్టుకుంటా బాబూ" అంటే, "మీరు ఇప్పటిదాకా తొక్కారుగా సార్" అన్నాడు. ఆ మాటకి తమరి దగ్గర జవాబుంటే చెప్పండి.

క్రిస్టోఫ్ లెక్కన పంపు కొట్టిన కుర్రాడికి 10 నిమిషాలు. లైటుకి 10, తొట్టెకి 10, తీగకి 10. వాచ్‌మన్ చెయ్యి వేయలేదు, సలహాలు మాత్రమే ఇచ్చాడు. సలహాలకి కూడా జరిమానా వేస్తే నేను ఈ జన్మలో విజయవాడ చేరను.

ఎంతయిందని అడిగితే షాపాయన, "సైకిలుకి ఏం తీసుకుంటాం సార్, పోండి" అన్నాడు. తీసుకోండి, నా పరువు సమస్య అని బతిమాలాను. ఆయన నొచ్చుకున్నాడు. యాభై రూపాయలు ఫోన్లో కొట్టాక నేను మళ్ళీ నిజాయితీపరుణ్ణయ్యాను.

నన్ను తొలిచేది ఇదే. ఒంగోలులో హోటల్లో తిన్నాను, పక్క మెడికల్ షాపులో మోకాలికి ఆయింట్‌మెంట్ కొన్నాను. కావాలంటే ఏసీ గది తీసుకుని రెండు గంటలు నడుం వాల్చొచ్చు. వంటవాడు, సర్వరు, షాపువాడు, గది ఊడ్చే మనిషి, ఇంతమంది నా కోసం కదిలినా నేను సపోర్ట్ లేని వీరుణ్ణే, జేబులో ఫోనుంటే చాలు. అదే ఒక కుర్రాడు ఇష్టపడి పది సార్లు పంపు కొడితే మోసగాణ్ణి. డబ్బుతో తెచ్చుకున్నది సాయం కాదని తమరికెవరు చెప్పారు?

తమరి వైపు న్యాయం బొత్తిగా లేదని అనను. ఊరికే ఇచ్చినదానికి గేట్లెత్తేస్తే మా జిల్లాల్లో పందెం కాళ్ళ బలం మీద నడవదు, చుట్టరికాల మీద నడుస్తుంది. దారిలో ఊరూరా మేనమామలున్నవాడే ఫస్టు వస్తాడు. నాకూ ఒక పిన్ని ఉంది.

గుంటూరు బైపాస్ చేరేసరికి ఇంకా చీకటే. ముందు పోతున్న లారీలో మిర్చి టిక్కీలు, ఆ ఘాటుకి దగ్గుతూ తొక్కుతున్నాను. రోడ్డు వార స్కూటరు, మంకీ క్యాప్‌లో బాబాయ్, శాలువా కప్పుకుని పిన్ని, ఆవిడ చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. ఇంట్లోవాళ్ళకి పెట్టిన లైవ్ లొకేషన్ ఎవరో పిన్నికి పంపారు. ఆవిడ రాత్రంతా ఆ చుక్కనే చూసిందట. మూడింటికి లేచి పులిహోర కలిపింది.

"తినకూడదు పిన్నీ."

"ఎవడ్రా చెప్పింది?"

"రూలు పిన్నీ. ఫ్రాన్సులో పుట్టింది."

"నీకు పెళ్ళి చేసింది ఫ్రాన్సువాడా, నేనా?"

ఆ ప్రశ్నకి ఏ చట్టంలోనూ సమాధానం లేదు. సరే, చేత్తో ముట్టుకోకు, ముద్ద నేనే నోట్లో పెడతాను, నువ్వు పుచ్చుకున్నట్టు కాదుగా అంది. బాబాయ్ రిటైరైన గుమస్తా. ఫోన్లో నిబంధనలు చూపించమని, కళ్ళజోడు పైకి నెట్టి చదివి, "అందరికీ అమ్మే చోట కొనాలి, అంతేగా? అయితే అమ్ముదాం" అన్నాడు. స్కూటరు సీటు మీద గిన్నెలు పరిచాడు. గుంటూరు బైపాస్‌లో అలా ఒక టిఫిన్ సెంటరు వెలిసింది. రెండు నిమిషాల్లో ఒక లారీ ఆగింది కూడా. క్లీనర్ దిగి, "పులిహోర ఎంతండీ?" అన్నాడు. బాబాయ్ నా వైపు విజయగర్వంతో చూశాడు. వ్యాపారం రుజువైపోయింది.

"డబ్బులేంటి నాయనా, తిను" అంది పిన్ని.

టిఫిన్ సెంటరు అక్కడికక్కడే మూతపడింది. దాన్ని బతికించడానికి నేను ఇరవై రూపాయలు తీసి బాబాయ్ చేతిలో పెట్టాను. పిన్ని ఆ నోటు వైపు చూసింది, నా వైపు చూసింది, క్యారేజీ మూతలు ఒక్కొక్కటే పెట్టేసింది. పులిహోర తిన్నాను, బాగుంది. తమరికి ఇసుమంత మచ్చ రాలేదు. ఆ మధ్య ఒక పెళ్ళిలో కలిసినప్పుడు మాత్రం ఆవిడ నన్ను పరిచయం చేసిన తీరు ఇది: "మా అక్క కొడుకు. నా చేతి అన్నానికి ఇరవై రూపాయలు లెక్కగట్టాడు."

కాజ టోల్ ప్లాజా దాటాక తెల్లవారింది. ఆకుకూరల మోపు వెనక కట్టుకుని, గేర్లు లేని పాత సైకిలు మీద ఒకాయన నా పక్కకొచ్చాడు.

"ఎక్కణ్ణుంచి బాబూ?"

"ఒంగోలు నుంచండీ."

"బస్సు దొరకలేదా?" అని, తోటకూర ఆకులు నా హ్యాండిల్‌కి రాసుకుంటుండగా దాటి పోయాడు. ఫలితాల పట్టికలో ఆయన పేరు వెతకొద్దు, ఎంట్రీ ఫీజు కట్టలేదు.

రద్దయిపొమ్మని తమరిని అడగడం లేదు. రెండు సవరణలు చాలు. కొసరును తూకంలో భాగంగా గుర్తించాలి. పిన్నుల్ని ఎదురుగాలి, గేదెలు, గతుకులతో పాటు రోడ్డు పరిస్థితుల కింద వేయాలి. అవేవీ ఆపితే ఆగేవి కావు.

ఇట్లు,
తమరికి లోబడి, చుట్టాల్లో చెడ్డపేరు తెచ్చుకున్న
ఒక సైకిలువాడు

తా.క. ఈ ఉత్తరం రాస్తున్నానని తెలిసి పిన్ని తమరి అడ్రసు అడిగింది. ఈ ఏడు ఆవకాయ బాగా కుదిరిందట, ఒక జాడీ పంపుతుందట. వద్దన్నా ఊరుకోదు, పుచ్చుకోండి. డబ్బులు మాత్రం ఇవ్వబోకండి.