సవరణ: ఫెలోఫెపా రైలు గురించి

దక్షిణాఫ్రికా పల్లెలకు వెళ్ళి వైద్యం అందించే ఫెలోఫెపా రైలు ఒక్కటే ఉందని, అందులో కళ్ళు మాత్రమే చూస్తారని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. 1994లో మూడు బోగీల కంటి క్లినిక్‌గా మొదలైన మాట నిజమే, నేను అక్కడే ఆగిపోయాను. దాన్ని నడిపే ట్రాన్స్‌నెట్ సంస్థ ఇచ్చిన వివరాల ప్రకారం 2012లో రెండో రైలు కూడా వచ్చింది, పంటి వైద్యం, సాధారణ జబ్బులకు చికిత్స, మానసిక ఆరోగ్య సేవలు కూడా ఉన్నాయి. నా పోస్టు చదివి పన్ను నొప్పితో ఉన్నవాళ్ళకు ఈ రైలు పనికిరాదని ఎవరైనా అనుకుని ఉంటే, అలా కాదు, పుచ్చిన పన్ను పీకించుకోవడానికి ప్రత్యేకంగా డెంటల్ విభాగమే ఉంది. పాత పోస్టు సరిచేశాను.