దగ్గండి, బతకండి, పదిమందికి పంపండి

వైద్యశాస్త్రం ఇన్నాళ్లూ వెతికిన సంజీవని వాట్సాప్‌లో ఉచితంగా దొరుకుతోంది. ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే దగ్గాలట. గట్టిగా ఊపిరి పీల్చి, రెండేసి సెకన్లకోసారి, సాయం వచ్చేదాకా. కింద గులాబీ పువ్వు, జోడించిన చేతులు, "పదిమందికి పంపండి, ఒక్క ప్రాణమైనా నిలుస్తుంది" అన్న హామీ. 1999 నుంచీ ఈమెయిళ్లలో తిరిగిన ఈ సందేశానికి ముసలితనం రాదు, చావు అసలే లేదు. పాటించినవాళ్ల సంగతి వేరు.

చెప్పిందెవరయ్యా అంటే "ప్రముఖ హృద్రోగ నిపుణులు". పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. ఇంతటి నిరాడంబరత నిజమైన డాక్టర్లలో కనబడదు. వాళ్లు పేరు పక్కన డిగ్రీలన్నీ రాసుకుంటారు.

సరే, చికిత్సను చెప్పింది చెప్పినట్టు అమలు చేద్దాం. సందేశం లెక్క ప్రకారమే స్పృహ తప్పేలోపు రోగికి ఉన్నది 10 సెకన్లు. ఛాతీ బిగుసుకుంది. ఫోన్ తీశాడు. చెమట పట్టిన వేలిని ఫోన్ గుర్తుపట్టలేదు. పిన్ కొట్టాడు. ఫ్యామిలీ గ్రూపు తెరిచి శుభోదయాలు నలభై, కేకులు పదకొండు దాటాడు. పదో సెకను ఎప్పుడో అయిపోయింది కానీ, సందేశం మీద గౌరవంతో ఇంకో రెండు నిమిషాలు బతకనిద్దాం. దొరికింది! "ఇంకా చదవండి" నొక్కితే వీడియో లింకు. వీడియోకి ముందు జుట్టు మొలిపించే నూనె ప్రకటన, దాటెయ్యాలంటే అయిదు సెకన్లు ఆగాలి. ఆగాడు. "ఫ్రెండ్స్, వీడియోలోకి వెళ్లేముందు ఛానల్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకోండి, గంట గుర్తు నొక్కండి." మర్యాదస్తుడు, పాపం, నొక్కాడు కూడా. ఇక దగ్గడమే తరువాయి.

ఈ దగ్గుకి ఆధారమే లేదా? ఉంది. అసలు తమాషా అదే. 1976లో క్రైలీ అనే డాక్టరు బృందం వేసిన పేపరు, వైద్య పరిశోధన పేపర్ల వివరాలుండే పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఏ పేపరు సారాంశంలోనైనా ముందు మూడు సంగతులు చూడాలి: ఎంతమంది మీద, ఎక్కడ, ఎంతసేపు. ఇక్కడ ముగ్గురు. యాంజియోగ్రామ్ బల్ల మీద. గుండె లయ తప్పిన క్షణం నుంచీ దగ్గుతూ 24 నుంచి 39 సెకన్లు స్పృహలో ఉన్నారు. డాక్టర్ల కళ్లెదుట సాగిన ఆ 39 సెకన్లే వాట్సాప్‌లోకి వచ్చేసరికి "సాయం వచ్చేదాకా" అయి కూర్చున్నాయి.

పబ్‌మెడ్‌లో కనబడితే వేదవాక్కనీ కాదు. అది గ్రంథాలయ సూచిక లాంటిది. టీకాలకీ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ పేపరు అక్కడ ఇప్పటికీ ఉంది. పన్నెండుమంది పిల్లల మీద రాసిన ఆ పేపరును లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. ఆ సంగతి పేజీ మీదే ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసేవాళ్లు మాత్రం సరిగ్గా దాని కిందనుంచి కత్తిరిస్తారు. నాణ్యత ముద్రలదీ అదే కథ: ఆరోగ్య వెబ్‌సైట్లకి హాన్‌కోడ్ ముద్ర ఇచ్చే సంస్థ 2022లో దుకాణం కట్టేసింది. ఆ ముద్ర ఇప్పుడు ఎక్కడ కనబడినా పాత సామానే.

వెతికే పద్ధతీ ఉంది. "దగ్గితే గుండెపోటు తగ్గుతుంది" అని కొడితే తగ్గుతుందన్నవాళ్లే వరసకడతారు. ఈ దగ్గు చిట్కాకి ఇంగ్లిష్ పేరు "కఫ్ సీపీఆర్". ఆ పేరు ఇంగ్లిష్‌లో కొట్టి, పక్కన బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ పేరో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పేరో చేర్చండి. ఇద్దరూ వద్దనే అంటారు. ఒక్క నిమిషం పని.

ఆ నిమిషం ఎందుకు వెచ్చించరు? గుండెపోటంటే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది, దగ్గితే గడ్డ కదలదు. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె ఆగిపోవడం. మనిషి సెకన్లలో కూలిపోతాడు, ఇక దగ్గేదెవరు? రెంటికీ పనికిరాని చిట్కా ఇది! పైగా దగ్గుకీ దగ్గుకీ మధ్య వీలుచూసుకుని ఫోన్ చెయ్యమంటుంది. వీలుచూసుకుని! మొదట చెయ్యాల్సిందే అంబులెన్స్‌కి ఫోన్. కదలకుండా కూర్చోవాలి, సొంతంగా బండి నడపకూడదు. అలర్జీ, రక్తస్రావం సమస్యలు లేకపోతే, ఫోన్‌లో ఉన్నవాళ్లు సరేనంటే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగాలి. మనిషి పడిపోయి ఊపిరి ఆడకపోతే పక్కనున్నవాళ్లు ఛాతీ మధ్యన 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రాణం నిలిపేవి ఈ నిమిషాలే. వాటిని దగ్గుతో తినేసి, కింద గులాబీ పువ్వు పెడతారా?

బాగా తిరిగిన సందేశాలకి వాట్సాప్ జంట బాణం తగిలించి, 2020 నుంచి ఒకసారికి ఒక్కరికే పంపనిస్తోంది. అంటే పదిమందికి పంపాలంటే పదిసార్లు నొక్కాలి. ఓపిగ్గా నొక్కుతున్నారు. అప్పుడే కింద నలుగురు చేతులు జోడించారు కూడా.