సీ పాతబడలేదు, ల్యాబే పాతబడింది

కంప్యూటర్ సైన్స్‌లో చేరే పిల్లలకి సీ లాంగ్వేజ్ దండగ, నేరుగా పైథాన్ నేర్పండి అన్నారు ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో. నేనొప్పుకోను. 1972 ప్రాంతంలో పుట్టిన సీకి వచ్చిన లోటేం లేదు, పాతబడింది మన ల్యాబుల్లోని నీలం తెర టర్బో సీ, అంటే సీ ప్రోగ్రాంలు రాసి నడిపే పాత సాఫ్ట్‌వేర్. విజయనగరంలో మా తమ్ముడు చదివే కాలేజీలో ఇంకా అదే. అందులో ఇంట్ (పూర్ణసంఖ్యని దాచుకునే చోటు) అంటే 2 బైట్లే, 32767 దాటిన సంఖ్య అందులో పట్టదు. 32767కి ఒకటి కలిపితే మైనస్ 32768 వస్తుంది! అదే ప్రోగ్రాం ఇంటికొచ్చి జీసీసీలో (సీ ప్రోగ్రాంలు నడిపే ఇప్పటి సాఫ్ట్‌వేర్) నడిపితే శుభ్రంగా 32768 చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఇంట్ 4 బైట్లు. పిల్లాడు ఏటనుకోవాలి? రికార్డులో మాత్రం 2 బైట్లనే రాయాలి, లేదంటే మార్కులు కోత (ఆ రికార్డులు రాయించడం ఇంకో భాగోతం). జీసీసీ ఉచితమే కదండీ, పాత సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. ముందు అది వేయించండి, పైథాన్ సంగతి రెండో సెమిస్టర్‌లో చూద్దాం.